పరాయి ఏడుపు

సియోల్, చుంగ్‌మురో
1967, చూసక్ పండగ వెళ్ళిన వారం

పున్నే వదినకి,

చిలగడదుంపల బస్తా అందింది. సగం దారిలోనే కుళ్ళాయి. మిగతావి స్టూడియోలో బొగ్గు పొయ్యి మీద కాల్చుకుని తిన్నాం. మా డైరెక్టర్ తక్ గారు మూతి మసి చేసుకుంటూ, "మీ వదిన చల్లగా ఉండాలి" అన్నాడు. దుంపలు తవ్వింది మా అన్నయ్య అని నేను చెప్పలేదు. ఆ దీవెన నువ్వే ఉంచుకో.

సియోల్లో ఏం వెలగబెడుతున్నావని అడిగావు. ఏడుస్తున్నాను. అంతకంటే నాకు పనేముంది? ఇక్కడ సినిమా తీసేటప్పుడు ఎవరి గొంతూ పట్టరు. హీరోయిన్ ఊరికే పెదాలాడిస్తుంది. తర్వాత చీకటిగదిలో తెరముందు నిలబడి మేం గొంతులు అతికిస్తాం. మాటలకి వేరే అమ్మాయి ఉంది, తేనెలాంటి గొంతు. కానీ ఏడవమంటే మాత్రం తోక తొక్కిన పిల్లిలా అరుస్తుంది. అందుకని ఎవరి ఏడుపైనా తెచ్చి నా నెత్తినే పడేస్తారు. నువ్వు హేనామ్ టాకీసులో ఏ ఆడదాని ఏడుపు విన్నా అది నీ ఆడపడుచుదే అనుకో.

ఇప్పుడు చేస్తున్న దాని కథ విను. కన్నకొడుకు పెరుగుతున్న ఇంట్లో తల్లి పనిమనిషిగా చేరుతుంది. పెంచిన తల్లికి తెలిసిపోతుంది. నాయనమ్మకి చూపుండదు, అయినా అందరికంటే ముందే తెలిసిపోతుంది. చివర్లో వానలో ముగ్గురూ ఒకర్నొకరు వాటేసుకుని ఏడుస్తారు. ముగ్గురూ నేనే! నన్ను నేను వాటేసుకుని, నన్ను నేను ఓదార్చుకుని, మళ్ళీ నేనే భోరుమన్నాను. నాయనమ్మకి కాస్త దగ్గు కలిపాను. తక్ గారు పరవశించిపోయాడు. పోయిన సినిమా కథ కూడా ఇదే, కాకపోతే అందులో వానకి బదులు మంచు.

మొన్న టాకీసు బయట నిలబడి చూశాను. ముక్కులు ఎర్రగా చేసుకుని, రుమాళ్ళు పిండుకుంటూ వచ్చారు మహాతల్లులు. గుమ్మం దగ్గర అడుక్కునే ముసలిదాన్ని మోచేత్తో నెట్టేసి బస్సెక్కారు. ఉన్న జాలంతా లోపలే ఒంపేసుకుని వస్తే బయట ముసలిదానికేం మిగులుతుంది?

అమ్మ ఎలా ఉందని నేను అడగడం లేదు. అడగలేదని చెప్పు.

మాల్సుక్


హేనామ్, పైవీధి
చలికాలానికి కిమ్చీ ఊరగాయ జాడీలు పెట్టే రోజులు

మాల్సుక్‌కి,

నువ్వు అడగలేదని అత్తయ్యకి చెప్పాను. వినబడనట్టు గోడవైపు తిరిగి పడుకుంది. మీ ఇద్దరి మధ్య నేనేమన్నా తపాలా బంట్రోతునా? ఎండాకాలం మెట్టు మీంచి జారిపడ్డ దగ్గర్నించీ ఆవిడ పడక దిగలేదు. దిగకపోయినా ఇల్లంతా ఆవిడ నోట్లోనే ఉంది. క్యాబేజీకి ఉప్పు ఎక్కువేశానని గదిలోంచి వాసన చూసే చెప్పేస్తోంది.

నీ ముగ్గురు తల్లుల సినిమా చూశాను. పోస్టరు మీద "చేతిరుమాళ్ళు మూడు తెచ్చుకోవలెను" అని అచ్చేశారు. నేను వంటింట్లో మసిగుడ్డ పట్టుకెళ్ళాను, అది చాల్లే అని. నిజం చెప్తున్నాను, ఆ వాన మొదలవగానే నాకు నవ్వాగలేదు. ముగ్గురి నోట్లోంచీ నువ్వే! గుడ్డి నాయనమ్మ దగ్గినప్పుడైతే పొట్ట పట్టుకున్నాను. పక్కన కూర్చున్న టోఫూ అమ్మే ఆవిడ తడిసిన రుమాలుతో నా భుజం మీద ఒక్కటిచ్చింది.

"నీకసలు గుండె ఉందా?" అంది.

"గుండే ఉంది, బుర్రా ఉంది. రెండూ ఉండటమే ఇబ్బంది" అన్నాను.

హాలంతా ఉష్ ఉష్ అంది. చివరికి గేటు దగ్గరి మనిషి వచ్చి నన్ను బయటికి పొమ్మన్నాడు. ఏడవనందుకు టాకీసులోంచి గెంటించుకున్నది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. నాకిదేం కొత్త కాదులే. పెళ్ళై పల్లకీ ఎక్కేటప్పుడే నాకు కన్నీళ్ళు రాలేదు. మా అమ్మ సిగ్గుతో చచ్చింది.

ఇంకోటి. ప్రతి ఇంటి స్తంభానికీ వేలాడే ఆ స్పీకరు పెట్టెలో రోజూ ఒక పాట వేస్తున్నాడు, ఊరి స్పీకర్లు నడిపే మో. రేవులో ఓడ వెళ్ళిపోతుంది, వాడు రాడు, ఈవిడ ఏడుస్తుంది, కొంగలు కూడా ఏడుస్తాయి. చరణానికీ చరణానికీ మధ్య ఒకత్తి "అమ్మా..." అని వెక్కుతుంది. అది నువ్వేనా? పందులకి కుడితి పోసే వేళకి వస్తుంది. పందులు మూతి పెట్టడం మానేశాయి.

అన్నట్టు, ఏడుపు మొదలెట్టే ముందు నువ్వు గాలి పీలుస్తావా, వదులుతావా? ఊరికే అడిగాను. వెక్కిరించడానికి పనికొస్తుందని.

పున్నే


సియోల్
తొలి మంచు

వదినా,

వెక్కిరించడానికైనా సరిగ్గా నేర్చుకో. ముందు గాలి వదిలెయ్యాలి, ఊపిరితిత్తులు ఖాళీ అయిపోవాలి. ఆ తర్వాత సన్నగా, పైన మొదలెట్టి కిందికి జారాలి. మధ్యలో రెండు వెక్కిళ్ళు. ముక్కు ఎగబీల్చడం చివర్లోనే, ముందే చేస్తే జలుబు చేసినట్టుంటుంది. ఎక్కడా ఖాళీ ఉండకూడదు. క్షణం ఆగితే తక్ గారు "టేపు దండగ!" అని అరుస్తాడు. అయిదో క్లాసు పిల్ల కూడా నేర్చుకోవచ్చు. ఇందులో కన్నీళ్ళ ప్రసక్తే లేదు. నా కళ్ళు ఎప్పుడైనా తడిశాయంటే అది బొగ్గుపొగే.

ఆ రేవు పాటలో వెక్కింది నేనే. పాడినావిడ పాడి వెళ్ళిపోయింది, ఏడుపుకి నన్ను పిలిచారు. "అమ్మా" అనాలి, కానీ ఎందుకో ఎవరికీ తెలియదు. ఓడెక్కి పోయింది ప్రియుడు కదా, మధ్యలో అమ్మెందుకు అని అడిగాను. "అమ్మ అంటే రికార్డు అమ్ముడవుతుంది" అన్నాడు సంగీతం చేసినాయన. ఈ దేశంలో ఏ సరుకు పాచిపోయినా దాని మీద ఇంత అమ్మని చల్లితే చాలు.

పందులకి నా క్షమాపణలు చెప్పు.

మాల్సుక్


హేనామ్
పన్నెండో నెల మొదట్లో

మాల్సుక్,

ఈసారి వేళాకోళాలు లేవు. అత్తయ్య జావ కూడా మింగలేకపోతోంది. మందులాయన నాడి చూసి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. ఒకసారి వచ్చి పో.

ఆవిడ నిన్ను రమ్మనలేదు. నీ పేరు కూడా ఎత్తలేదు. నేనే పిలుస్తున్నాను.

పైవీధి పెద్దతాత అప్పుడే లెక్కలు మొదలెట్టాడు. "కొడుకు గొంతు దోమ గొంతు. కోడలు రాతిబండ. కూతురు సినిమాలకి పోయింది. ఆ ఇంట్లో శవం లేస్తే ఐగో అని ఏడ్చే నోరేదీ?" అని మక్కొల్లి కల్లు తాగుతూ అరుగు మీద అందరికీ వినిపిస్తున్నాడు. నీకు తెలియందేముంది. బయటివాళ్ళు వచ్చి ఓయి ఓయి అని ఎంత ఏడ్చినా అది పలకరింపు కిందికే వస్తుంది. ఐగో అనాల్సింది కన్నవాళ్ళూ ఇంటివాళ్ళూ. కూతురు ఐగో లేకుండా తల్లి శవం గడప దాటితే ఆ ఇంటిని పదేళ్ళు చెప్పుకుంటారు. నన్ను రాతిబండ అన్నందుకు నాకేం బాధ లేదు. ఆవిడకి కూతురే లేదన్నట్టు మాట్లాడుతుంటే ఒళ్ళు మండింది.

నిజంగానే రాలేకపోతే ఒక పని చెయ్యి. నీ ఏడుపు టేపులో పట్టి పంపు. స్పీకర్ల మో దగ్గర బ్యాటరీతో నడిచే టేపు యంత్రం ఉంది. తెరచాటున పెట్టి వేయిస్తాను. ఎలాగూ ఆడవాళ్ళ ఏడుపు తెరవెనకే కదా, ఎవరు చూడొచ్చారు? ఇలా అడగాల్సి వచ్చినందుకు నాకే రోతగా ఉంది.

రావడమే మంచిది.

పున్నే


సియోల్
పన్నెండో నెల

వదినా,

రాను. కొత్త సంవత్సరం పండగకి రెండు సినిమాలు విడుదల కావాలి. ఒకదాంట్లో చెల్లెలు క్షయతో పోతుంది, ఇంకోదాంట్లో అక్క. ఇద్దరి చావులూ నా మీదే ఉన్నాయి. ఇది వంక అని నీకూ తెలుసు.

నేను ఇల్లు వదిలిన రోజు నువ్వు చావిట్లో ఉన్నావు, అమ్మ అన్నది నీకు వినబడి ఉండదు. వీధి గడప దగ్గర నిలబెట్టి, నెమ్మదిగా, అన్నం వడ్డించినంత మామూలుగా అంది. "మన తాతల కాలంలో గొప్పిళ్ళవాళ్ళు శవం ముందు ఏడవడానికి బానిసలని పెట్టుకునేవారు. ఇప్పుడు నా కూతురు ఆ పనికి పోతోంది. పో. నేను చచ్చాక మాత్రం నా ముందుకొచ్చి ఐగో అనకు. అంతగా ఏడవాలనిపిస్తే పరాయివాళ్ళ ఏడుపు ఏడువు."

సినిమా అయితే ఆవిడ ఆ మాట అని తలుపు వేసుకుని, లోపల వెక్కివెక్కి ఏడ్చేది. అందరికీ చూపించేవాళ్ళు. మా అమ్మ తలుపు కూడా వెయ్యలేదు. వెళ్ళి మిరపకాయలు ఆరబోసుకుంది.

నువ్వు అడిగిన టేపు ఇందులోనే ఉంది. ఇంజనీరు ఇంటికి వెళ్ళాక నేనే పట్టుకున్నాను. అమ్మ మాట జవదాటలేదు. ఇప్పుడే విప్పి వినకు, బతికున్న మనిషి ఇంట్లో శవం ఏడుపు వినిపించకూడదు. ఎంత సినిమాలదాన్నైనా ఆ మాత్రం నాకు తెలుసు.

మాల్సుక్


తంతి, హేనామ్ నుంచి

అత్తయ్య పోయారు. వెంటనే రా. పున్నే.


తంతి, సియోల్ నుంచి

టేపు వెయ్యండి. మాల్సుక్.


హేనామ్
అంత్యక్రియలయ్యాక

మాల్సుక్,

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను. తిట్లన్నీ ముందు రాసేస్తే మిగతాది రాయబుద్ధి కాదని, వాటిని ఆఖరికి పెట్టుకున్నాను.

శవాన్ని తెరవెనక ఉంచాం. తెరకి ఇవతల మీ అన్నయ్య చావుకి కట్టే జనపబట్టలు కట్టుకుని, కర్ర మీద వాలి, దోమలా ఐగో అంటున్నాడు. పెద్దతాత, ఆయన వెనకాల ఊరి మగవాళ్ళంతా అరుగు మీద చాపలేసుకున్నారు. టోఫూ ఆవిడా వాళ్ళూ వంటింట్లో ఎర్ర పులుసు కాస్తున్నారు. తెరవెనక నేనూ, మో, వాడి యంత్రం. వాడు టేపు ఎక్కించి మీట నొక్కాడు. గొంతు బాగా పెద్దది చేసి పెట్టాడు వెధవ, నీకు సాయం చేస్తున్నాననుకుని.

ఓయి ఓయి, అంది నీ టేపు.

నేను తప్పు విన్నాననుకున్నాను. మళ్ళీ అంది. ఓయి, ఓయి. ఎంత బాగా అన్నావే తల్లీ! పక్కూరినుంచి పని మధ్యలో పలకరించిపోదామని వచ్చిన పెద్దమనిషి ఏడ్చినట్టు, పద్ధతిగా, గౌరవంగా. తల్లి శవం ముందు. మీ అన్నయ్య తన ఐగో మింగేశాడు. వంటింట్లో గరిటెల చప్పుడు ఆగిపోయింది.

పెద్దతాత అరుగు మీంచి కేకేశాడు. "ఎవత్తది? కన్నకూతురు ఓయి అంటుందా? ఆ ఇంట్లో పద్ధతంటూ లేదా?"

మో నా మొహం చూశాడు. నేను వాడి చెయ్యి లాగేసి మీట కట్టేశాను. ఆ తర్వాత చేసింది నువ్వు నమ్మవు.

ఇన్నాళ్ళూ నీకు చెప్పని మాట ఇప్పుడు చెప్పాలి. నేను సినిమాలకి వెళ్ళింది నవ్వుకోవడానికి కాదు. నవ్వాను, అది వేరే. నన్ను పంపింది అత్తయ్య. తిరిగి రాగానే అడిగేది.

"ఈసారి ఎవరు చచ్చారు?"

చెప్పేదాన్ని.

"అది ఎలా ఏడ్చింది? ఏడ్చి చూపించు."

నేను! పల్లకీలో ఏడవనిదాన్ని, ఆవిడ పడక పక్కన కూర్చుని, నీలా ఏడ్చి చూపించాలి. నువ్వు ఉత్తరంలో నేర్పినట్టే గాలి వదిలేసి, సన్నగా పైనించి కిందికి జారి, రెండు వెక్కిళ్ళు పెట్టాను. ఆవిడ పెదవి విరిచింది. "ఛీ, అది దాని ఏడుపు కాదు. ఎవరో నేర్పిన ఏడుపు. దానిది గుక్క. ముందు ఊపిరి లోపలికి పోతుంది, నోరు తెరుచుకునే ఉంటుంది, చప్పుడుండదు. మొహం నీలబడుతుంది. వీపు మీద చరిస్తే గానీ బయటికి రాదు. అప్పుడు వస్తుంది చూడు, పై వీధికీ కింది వీధికీ. మళ్ళీ చెయ్యి" అంది. చేశాను. "ఇంకాసేపు బిగబట్టు" అంది. బిగబట్టాను. శీతాకాలమంతా నాకు ఇదే పని. నేను నీలబడిపోతుంటే ఆవిడ లేవలేని చేత్తో నా వీపు తడిమేది.

ఆ రేవు పాట వచ్చినప్పుడు "ఆ పెట్టె నోరు నొక్కెయ్" అనేది. నొక్కడానికి లేస్తే "ఉండు, చరణం అవనీ" అనేది. నీ "అమ్మా" అయిపోయాకే నొక్కనిచ్చేది.

ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోలేదు, ఆశపడకు. పోయే వారం ముందు మాత్రం ఇలా అంది. "అది రాదు. వస్తే మాత్రం నువ్వు దాని వెనకాలే నిలబడు. గుక్కపట్టుకుంటుంది, చరిచేవాళ్ళు ఉండరు." నేను సరే అన్నాను. నువ్వు రాలేదు.

మళ్ళీ తెరవెనక్కి వస్తాను. మీట కట్టేశాక నేను నోరు తెరిచి ఊపిరి లోపలికి లాగాను. బిగబట్టాను. మో భయపడి నా వీపు మీద ఒక్కటి చరిచాడు. అప్పుడు వచ్చింది. ఐగో! ఐగో, అమ్మా! నీ గొంతు. అత్తయ్య ఒక్కసారీ ఒప్పుకోలేదు గానీ, మక్కీకి మక్కీ నీ గొంతే.

వంటింట్లోంచి టోఫూ ఆవిడ అరిచింది. "గుక్క! అదే, చిన్నప్పటి గుక్కే! మాల్సుక్ వచ్చింది, పెరటి గుమ్మంలోంచి వచ్చినట్టుంది, మొహం చెల్లక!"

"ఆఁ, ఇది కూతురు. ముందు ఏడ్చింది ఎవరో పక్కింటిదై ఉంటుంది" అన్నాడు పెద్దతాత.

నేను ఆపేద్దామనుకున్నాను. పని అయిపోయింది కదా. ఆగలేదు. ఎక్కడివరకూ నీ ఏడుపో, ఎక్కణ్ణించి నాదో నాకు తెలియలేదు. నన్ను ఇన్నేళ్ళు ఉప్పు ఎక్కువైందని సాధించిన మనిషి కోసం నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మసిగుడ్డ కాదు, నడుముకి కట్టిన జనపగుడ్డ తడిసి ముద్దయింది. నా మీద నాకే అసహ్యం వేసింది. నేను నవ్విన సినిమాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆవిడ లేదు మాల్సుక్. ఇప్పుడు కిమ్చీలో ఉప్పు ఎంత వేసినా ఎవరూ ఏమీ అనరు.

నీ టేపు పొయ్యిలో పడేశాను. కంపు కొట్టింది.

ఊరంతా నువ్వు వచ్చి వెళ్ళావనే అనుకుంటోంది. పాడ్యమికీ పున్నమికీ ఆవిడకి నైవేద్యం పెట్టి ఏడవాలి. నీ బదులు ఇంక నేను ఏడవను. నా గొంతు పోయింది.

తిట్లు రాయడానికి కాగితంలో చోటు లేదు. నువ్వే ఊహించుకో, అన్నిటికంటే ఘోరమైనవి.

పున్నే


సియోల్
పండగ వెళ్ళాక

వదినా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకునే స్టూడియోకి వెళ్ళాను. అక్క చచ్చిపోయే సినిమా, పండగకి పూర్తికాక మిగిలిపోయింది. తెర మీద ఆ పిల్ల నోరు తెరిచింది. నేనూ తెరిచాను. గాలి వదలాల్సింది పోయి లోపలికి పోయింది. బయటికి రాలేదు. తెర మీద ఆ పిల్ల ఏడ్చేసి, కళ్ళు తుడుచుకుని, రైలెక్కి వెళ్ళిపోయింది. నేనింకా నోరు తెరుచుకునే నిలబడ్డాను.

"టేపు దండగ! టేపు దండగ!" అని తక్ గారు అరుస్తున్నాడు. గది నిండా మనుషులున్నారు. వీపు మీద చరవాలని ఒక్కడికీ తోచలేదు.

ఎలాగో వచ్చింది చివరికి. ఆ పిల్ల పెదాలకి అతకలేదు. తక్ గారు విని, "మరీ పచ్చిగా ఉంది, ఇది జనం భరించలేరు, మామూలుది ఇవ్వు" అన్నాడు. మామూలుది నా దగ్గర లేదన్నాను. ఇంకెవరినో వెతుక్కోమన్నాను. తోక తొక్కిన పిల్లి సంతోషంగా ఒప్పుకుంది.

పున్నమికి వస్తున్నాను. ముందు ఏడ్చినదానికీ దీనికీ తేడా ఉందని ఊళ్ళో ఎవరైనా అంటే, సినిమాలవాళ్ళ ఏడుపు అంతే, రోజుకో రకం అని చెప్పు. ఆ పూట నువ్వు మాత్రం నోరు విప్పకు. నా వెనకాల నిలబడు. కాసేపు చప్పుడు ఉండదు, కంగారు పడకు, లోపలికి పోయి ఉంటుంది.

గట్టిగా చరువు.

మాల్సుక్